కొలువు వదలడానికీ ఒక చరిత్ర ఉంది

ఏటా డిసెంబరు 17 వచ్చేసరికి మన ప్రత్యేక సంచికలో నకారా కేసు గురించి ఎవరో ఒక మిత్రుడు రాస్తూనే ఉంటారు. రాయవలసిందే. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదని తేల్చి చెప్పింది కాబట్టే ఈ నాడు మనం తల ఎత్తుకుని ట్రెజరీ గుమ్మం ఎక్కుతున్నాం. అయితే ఆ తీర్పు చివరి దాకా ఉద్యోగం చేసి బయటకు వచ్చిన వాళ్ల గురించి. నడుమనే, ఒళ్లు చెడి, ఈ పని ఇక చేస్తే బతకను అని వదిలి వేరే ఊరు వెళ్లిపోయిన వాళ్ల సంగతి మన సంచికల్లో ఎక్కడా రాలేదు. సంపాదకులు ఏదైనా చరిత్ర విషయం రాయమన్నారు గనుక ఈసారి అది రాస్తున్నాను. రాయడానికి నాకు సొంత కారణం కూడా ఒకటి ఉంది. అది చివర్లో చెబుతాను.

మా మనవడు హైదరాబాదులో చేరి, అక్కడి నుంచి పూనా, పూనా నుంచి బెంగుళూరు వెళ్లాడు. అయిదేళ్లలో మూడు కంపెనీలు. నోటీసు ఇవ్వడం, పెట్టె సర్దుకోవడం, అంతే. వాడికి నేను 1859 నాటి 13వ నంబరు చట్టం గురించి చెబితే నమ్మలేదు. కంపెనీ పాలన పోయి రాణిగారి పాలన వచ్చిన మరుసటి ఏడే, కలకత్తా వర్తకుల విన్నపం మీద చేసిన చట్టం అది. బయానా తీసుకున్న పనివాడు పనిలోకి రాకపోయినా, నడుమ వదిలిపోయినా యజమాని మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తిరిగి కట్టు, లేదా పని చెయ్యి అని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు. ఏది కావాలో కోరుకునేది యజమానే. ఆ ఉత్తర్వు పాటించకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. అంటే అప్పు తీర్చలేకపోవడం కాదు, కొలువు వదలడమే నేరమయింది.

1860లో ఇండియన్ పీనల్ కోడు వచ్చినప్పుడు అందులోనూ ఇటువంటి సెక్షన్లే పెట్టారు. 492వ సెక్షను చూడండి. యజమాని ఖర్చు మీద దూరదేశం తీసుకుపోబడిన కూలీ, మూడేళ్లకు మించని ఒప్పందం నడుస్తుండగా పని వదిలి పారిపోతే నెల రోజుల ఖైదు, లేదా ప్రయాణపు ఖర్చుకు రెట్టింపు జుల్మానా, లేదా రెండూ. జీవితమంతా రూల్సు పుస్తకాలు తిరగేసిన వాడిని కాబట్టి నా కన్ను ఎప్పుడూ సెక్షను చివరి ముక్క మీదికి పోతుంది. అక్కడ ఒక మినహాయింపు ఉంది. యజమాని ఆ కూలీని హింసించి ఉంటేనో, తన వంతు ఒప్పందం నెరవేర్చకపోతేనో శిక్ష వర్తించదు. మంచి మాటే. కానీ విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయినవాడు, ఏ భాషా రానివాడు, తనను కొట్టారని ఎవరి ఎదుట రుజువు చేస్తాడు? పైగా అస్సాంలో పారిపోయిన కూలీని వారంటు లేకుండా దొరే స్వయంగా పట్టుకునే అధికారం కూడా 1908 దాకా సాగింది. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. దాని తాళం చెవి మాత్రం కూలీ దగ్గర లేదు.

సముద్రం దాటి పోయిన వాళ్ల కథ ఇంకొకటి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరిన మన వాళ్లను నేటాలులోని డర్బన్ రేవులో దింపింది. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు తమిళులతో పాటు తెలుగువారూ వేల సంఖ్యలో ఆ చెరకు తోటలకు వెళ్లారు. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆ పైన ఏడాదికొక షిల్లింగు పెరుగుదల. పాసు లేకుండా తోట విడిచి వెళ్లడం నేరం. మామూలు నౌకరు చెప్పకుండా పని మానేస్తే యజమాని సివిలు దావా వేసుకోవాలి. గిరిమిటు కూలీ మానేస్తే క్రిమినలు కేసు, జైలు.

అక్కడ 1894లో జరిగిన బాలసుందరం ఉదంతం గాంధీగారి ఆత్మకథ చదివిన వారందరికీ తెలిసిందే. నేను దానిని బడిలో ఉన్నప్పుడు చదివాను, కానీ గుమాస్తాగా పాతికేళ్లు చేశాక మళ్లీ చదివితే వేరే కథలాగా కనిపించింది. చిరిగిన బట్టలతో, ముందు పళ్లు రెండు విరిగి, నోట రక్తం కారుతూ, తలపాగా చేతిలో పట్టుకుని వణుకుతూ ఒక తమిళ కూలీ గాంధీగారి గదిలోకి వచ్చాడు. తెల్ల యజమాని కొట్టాడు. అప్పటికి గాంధీగారు ప్రాక్టీసు పెట్టి మూడు నాలుగు నెలలు. ఆ తర్వాత ఆయన చేసిన పనుల వరుస చూడండి. మొదట తెల్ల డాక్టరు దగ్గరికి పంపి, దెబ్బలు ఎటువంటివో సర్టిఫికెటు తీసుకున్నారు. ఆ తర్వాతనే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి అఫిడవిటు ఇప్పించారు. మేజిస్ట్రేటు యజమానికి సమను పంపాడు. గాంధీగారు యజమానికి శిక్ష కోరలేదు, మనిషిని విడిపిస్తే చాలునన్నారు. ఉన్న దారులు రెండే: కూలీల ప్రొటెక్టరు చేత ఒప్పందం రద్దు చేయించడం, లేదా వేరే యజమాని పేరు మీదికి మార్పించడం. రెండో దారి పట్టారు. కొత్త యజమానిని మీరే వెతకాలి అని ప్రొటెక్టరు షరతు పెడితే, తెలిసిన ఒక తెల్లాయనను ఒప్పించారు.

బాలసుందరం స్వేచ్ఛాజీవి కాలేదు, గమనించండి. చోటు మారాడు, అంతే. అయినా జైలుకు పోకుండా, ఒప్పందపు హక్కులు పోకుండా, కొట్టే చేతి కింద నుంచి తప్పుకున్నాడు. ఆ రోజు ఆవేశం కొద్దీ తోట విడిచి ఏ బంధువుల ఇంటికో పారిపోయి ఉంటే కేసు అతని మీదికే తిరిగి ఉండేది. డాక్టరు కాగితం ముందు, వదలడం తర్వాత. ఈ వరుస నాకు ఎంత ఆలస్యంగా బోధపడిందో చివర్లో చెబుతానన్నాను కదా.

వాళ్లకు వచ్చే సదుపాయం ఒకటుండేది: ఒప్పందం తీరి, మొత్తం పదేళ్లు ఆ దేశంలో ఉంటే స్వదేశానికి ఉచితంగా ఓడ ప్రయాణం. కానీ 1895లో నేటాలు ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన వాళ్లు అయిదేళ్లు తీరాక తిరిగి గిరిమిటు రాయాలి, లేదా ఇండియాకు పోవాలి. రెండూ కాదంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, తొలి ఏటి కూలీలో ఆరు నెలల జీతం. తోట వదిలి అదే దేశంలో ఇంకొక ఊళ్లో కూరగాయలు పండించుకు బతుకుదామనుకున్న వాడిని మళ్లీ తోటలోకి నెట్టడానికే ఆ పన్ను. 1913 సమ్మెలో వేలాది మంది కూలీలు కదిలాక 1914లో దాన్ని ఎత్తివేశారు. 1917లో దేశాంతర కూలీల భర్తీ ఆగింది. మన దేశంలో 1859 చట్టం, పీనల్ కోడులోని ఆ 492వ సెక్షను 1925లో చేసిన చట్టంతో రద్దయ్యాయి. అంటే మా నాన్నగారు పుట్టే నాటికి కూడా కొలువు వదలడం కొందరికి నేరమే.

నేరం కాకపోవడం ఒక మెట్టు. వదిలినా రావలసింది రావడం రెండో మెట్టు. 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం ప్రమాదాలతో పాటు కొన్ని వృత్తి వ్యాధులకూ పరిహారం పెట్టింది. ఆ జాబితా బహు చిన్నది, సీసం విషం వంటివి రెండు మూడు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ అందులో లేదు. మన చిత్తూరు సరిహద్దుకు ఆనుకుని ఉన్న కోలారు బంగారు గనుల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ తరాల తరబడి దిగారు. అక్కడ ఆ జబ్బుకు పరిహారం ఇచ్చే నియమాలను మైసూరు సంస్థానం 1940లో చేసింది. గనులు 1880లలో మొదలయ్యాయి, లెక్క మీరే వేసుకోండి. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సిలికోసిస్‌తో వచ్చిన చిక్కేమిటంటే అది పనిలో ఉండగానే బయటపడాలని లేదు. దగ్గుతో గని వదిలి సొంత ఊరు చేరి ఏళ్లు గడిచాక ఎక్స్‌రేలో కనిపించవచ్చు. అప్పుడు ఆ ఊరి డాక్టరు దాన్ని క్షయ అంటాడు. గని దగ్గర నుంచి ఏ కాగితమూ వెంట తెచ్చుకోని వాడు ఎవరిని అడుగుతాడు?

1972లో వచ్చిన గ్రాట్యుటీ చట్టంలో నాకు నచ్చిన వాక్యం ఒకటుంది. గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు ఉండాలి, అయితే మరణం వల్లగానీ అంగవైకల్యం వల్లగానీ ఉద్యోగం ముగిస్తే ఆ అయిదేళ్ల నిబంధన లేదు. జబ్బు వల్ల పని చేయలేని స్థితి కూడా అందులోకే వస్తుంది. రాజీనామా చేసినవాడికి కూడా అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ఫ్యాక్టరీ వాళ్లకు ఉన్న ఈ వెసులుబాటు ప్రభుత్వ గుమాస్తాలమైన మనకు లేదని నేను చెబితే మా మనవడు రెండోసారి నమ్మలేదు.

మన రాష్ట్ర రివైజ్డ్ పెన్షన్ రూల్సు 1980 చూడండి. రాజీనామా చేస్తే గత సర్వీసంతా జప్తు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. జి.పి.ఎఫ్. వంటి సొంత సొమ్ము మాత్రం చేతికి వస్తుంది. అదే మనిషి ఇరవై ఏళ్లు నిండాక స్వచ్ఛంద పదవీ విరమణ అని రాస్తే పింఛను వస్తుంది. ఇరవై నిండకపోయినా, పదేళ్లు ఉండి, మెడికల్ బోర్డు ఇక పనికి అనర్హుడని సర్టిఫికెటు ఇస్తే అశక్తతా పింఛను వస్తుంది. ఆపైన పి.పి.ఓ. చేతిలో ఉంటే కాకినాడలో రిటైరైనవాడు కర్నూలు పోయినా ఆ ప్రతి వెంట పోతుంది, ట్రెజరీ మారుతుంది, డబ్బు ఆగదు. రాజీనామా విషయంలో కేంద్ర రూల్సులోనూ ఇదే తీరు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో ఇరవై ఏళ్ల సర్వీసు మాట ఎత్తినా, అతడు రాసింది రాజీనామా గనుక పింఛను రాదన్నారు. రాజీనామా వేరు, విరమణ వేరు అన్నారు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన వాళ్ల దారి వేరు, వాళ్లు కాంట్రిబ్యూటరీ పింఛనులో ఉన్నారు.

ఇక నా సంగతి. 1987లో నేను ఒక జిల్లా కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు సీటు చూసేవాడిని. అక్కడి రికార్డు గదిలో ఒక రికార్డు అసిస్టెంటు ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, నన్ను "బాబూ" అనేవాడు. ఆ గదికి కిటికీ ఒకటే, అదీ కట్టల వెనక. పురుగు పట్టకుండా మందు చల్లిన పాత కట్టలు, అడుగడుగున దుమ్ము. పదిహేడేళ్లు అందులో ఉండేసరికి ఉబ్బసం పట్టుకుంది. మూడుసార్లు సీటు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు, మారలేదు. దుమ్ము వదిలితే గానీ బతకవని డాక్టరు నోటితో చెప్పాడు. నోటితోనే. అత్తగారి ఊళ్లో కొట్టు పెట్టుకుంటానని, ఒక తెల్లకాగితం మీద అనారోగ్యం వల్ల రాజీనామా చేస్తున్నానని రెండు పంక్తులు రాసి నా బల్ల మీద పెట్టాడు.

నాకు రూలు తెలుసు. "ఈ కాగితం వెనక్కి తీసుకో, మెడికల్ బోర్డుకు పంపమని ఇంకొకటి రాయి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ వారం ఆడిట్ పార్టీ వచ్చి ఉంది. నోటు పెట్టాను, పైకి పోయింది, మూడో రోజున అంగీకరిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ ఆఫీసులో అంత తొందరగా కదిలిన ఫైలు నేను మరొకటి చూడలేదు. అంగీకారం కాకముందు వెనక్కి తీసుకునే వీలుంది, అయ్యాక లేదు.

1996లో ఒకసారి వెతుక్కుంటూ వచ్చాడు. మనిషి సగం అయ్యాడు. అరుగు మీద కూర్చుని, చాలాసేపు ఊపిరి కూడదీసుకుని, "బాబూ, ఆ కాయితం ఇంకోలా రాసుంటే ఏమన్నా వచ్చేదా?" అని అడిగాడు. వచ్చేది అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆయన కోప్పడలేదు. కాఫీ తాగి, బస్సు వేళయిందని లేచాడు. ఆ తర్వాత నేను పై అధికారులకు రెండు విజ్ఞాపనలు రాసి పంపించాను, రూలు ఒప్పుకోదని జవాబు వచ్చింది. 2003లో ఆయన పోయాడు. ఆయన భార్యకు కుటుంబ పింఛను కూడా రాలేదు. సర్వీసే జప్తయిందిగా.

ఇప్పుడు మన సంఘం కార్యాలయంలో బుధవారాల్లో నేను కూర్చుంటున్నాను. సర్వీసులో ఉన్న పిల్లలు ఎవరైనా ఒంట్లో బాగాలేక మానేస్తామని వస్తే మొదట అడిగేది, కాగితం ఇచ్చేశావా అని. ఇవ్వలేదంటే కూర్చోబెడతాను. ఆయన సర్వీసు రిజిస్టరు ఆ ఆఫీసు బీరువాలోనే ఎక్కడో ఉండి ఉంటుంది. అందులో చివరి పద్దు, రాజీనామా అంగీకరించడమైనది అని, నా చేతి రాతే.