చీకటిలో సాక్షి

మనిషి దగ్గర లేకుండానే అడవి మృగాన్ని చిత్రించాలన్న ఆలోచనకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అమెరికాకు చెందిన జార్జి షైరాస్ 1890వ దశకంలో దారికి అడ్డంగా సన్నని తీగ కట్టి, జంతువు దానిని కదిలించగానే కెమెరా పనిచేసే ఏర్పాటు చేశాడు. ఆయన తీసిన 74 ఛాయాచిత్రాలను 1906 జూలైలో 'నేషనల్ జియోగ్రఫిక్' పత్రిక ప్రచురించింది. మన దేశంలో ఈ పద్ధతిని పులులపై ప్రయోగించినవాడు అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. చాంపియన్. పులివేట రాజసానికి గుర్తుగా చెలామణి అవుతున్న రోజుల్లో ఆయన తుపాకిని కాదని కెమెరాను ఆశ్రయించి, 1927లో ఆ చిత్రాలతో గ్రంథం వెలువరించాడు.

ఏ రెండు పులుల చారలూ, ఏ రెండు చిరుతల మచ్చలూ ఒకేలా ఉండవు. ఈ సత్యాన్ని ఆధారం చేసుకొని కె. ఉల్లాస్ కారంత్ నాగరహొళెలో పులుల సంఖ్యను అంచనా వేసి, 1995లో ఫలితాలను ప్రకటించారు. శరీరపు వేడిమిని, కదలికను పసిగట్టే నేటి ట్రాప్ కెమెరాలను బాటకు ఇరువైపులా ఎదురెదురుగా అమర్చుతారు. జంతువు కుడి, ఎడమ పక్కల గుర్తులు వేరుగా ఉండటమే అందుకు కారణం. 2018 నాటి అఖిలభారత పులుల గణనలో 26,838 చోట్ల ఇలాంటి కెమెరాలను ఉంచారు.

అడవి లోపలి లెక్కల కోసం ఎదిగిన ఈ సాధనం క్రమంగా జనావాసాల అంచుకూ వచ్చింది. సూరత్ జిల్లా చెరకు తోటల్లో, ముంబై శివార్లలో, తిరుపతిని ఆనుకొని ఉన్న శేషాచలం కొండల్లో చిరుతలు మనిషికి ఇరుగుపొరుగుగా జీవిస్తున్నాయి.

2023 ఆగస్టు 11వ తేదీ రాత్రి అలిపిరి నడకమార్గంలో ఆరేళ్ల బాలిక చిరుత దాడికి బలి అయింది. అంతకుముందు జూన్‌లో అదే మార్గంలో ఒక బాలుడు దాడికి గురై ప్రాణాలతో బయటపడ్డాడు. అటవీశాఖ, తిరుమల తిరుపతి దేవస్థానం ట్రాప్ కెమెరాలతో చిరుతల సంచారాన్ని గమనించి బోనులు ఏర్పాటు చేశాయి. మధ్యాహ్నం తర్వాత పిల్లలను నడకదారిన అనుమతించకుండా ఆంక్షలు విధించారు. జూన్, సెప్టెంబరు నెలల మధ్య ఆరు చిరుతలు పట్టుబడ్డాయి.

ఇక్కడే ఈ సాధనానికి గల పరిమితి తేటపడుతుంది. కెమెరా చూపేది చిరుత ఉనికినే గాని దాని నేరాన్ని కాదు. ఏ చిరుత, ఏ వేళ, ఏ మలుపులో దారి దాటిందో అది చెప్పగలదు; దాడి చేసినది అదేనని తేల్చడానికి వేరే ఆధారం కావాలి. కనిపించిన ప్రతి చిరుతనూ బోనులో పెడితే, ఖాళీ అయిన చోటుకు మరొకటి చేరే అవకాశం ఉంటుంది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఈ వివేచన ఊరట కాజాలదు. కానీ కెమెరా చూపిన వేళలను బట్టి నడక సమయాలను నిర్ణయించడం, చిరుతలు దాటే చోట్ల కాపలా పెంచడం, కుక్కలను, పందులను ఆకర్షించే తిండి వ్యర్థాలను తొలగించడం రేపటి బిడ్డను కాపాడగల పనులు. రాత్రివేళ తీసిన ఆ చిత్రాల అసలు ప్రయోజనం అక్కడే ఉంది.