చెట్టు నీడన ఎవరెవరు కూచున్నారు?

వంద ఏళ్ళ కిందట ఆంధ్రపత్రిక వారపత్రికలో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ అనే శీర్షిక ఒకటి వచ్చేది. రాసేవారి పేరు ‘లీలావతి’. ఆ కలం పేరు వెనక ఉన్నది బాపట్లకి చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ (1896–1978). పెద్ద పెద్ద పండితులూ, రాజకీయ నాయకులూ రాసే పత్రికలో ఒక ఆడమనిషి కాస్త చోటు సంపాదించుకుని, దానికి ‘ముచ్చట్లు’ అని పేరు పెట్టుకుంది. ‘స్త్రీ ధర్మము’ అనో ‘గృహిణీ కర్తవ్యము’ అనో పెట్టలేదు. ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలని నాకు అనిపిస్తుంది.

తెలుగులో మగవాళ్ళు నలుగురు కూచుని మాట్లాడుకుంటే దానికి చర్చ, గోష్ఠి, సభ అని పేర్లున్నాయి. ఆడవాళ్ళు నలుగురు కూచుంటే మాత్రం కబుర్లు, సోది, చాడీలు, అమ్మలక్కల మాటలు. బీరపాదు పూత ఎందుకు రాలుస్తోంది, పిల్లాడి జ్వరం ఎందుకు తగ్గడం లేదు, ఆడపడుచు పుట్టింటికి వచ్చి ఎందుకు తిరిగి వెళ్ళడం లేదు... ఒక సంసారం నిలబడాలంటే తెలియాల్సిన సంగతులన్నీ ఇలాంటి మాటల్లోనే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరేవి. వాటికి చరిత్ర ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఉంది. పైగా ఆ చరిత్రలో ఒక పెద్ద మలుపు కూడా ఉంది. ఇంటి సంగతులు చెప్పే గొంతు గురువు గొంతు నుంచి స్నేహితురాలి గొంతుగా మారడం ఆ మలుపు.

అచ్చు కంటే ముందు సంగతి చూద్దాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మగవాళ్ళు బయటికి వెళ్ళిపోయాక, ఇంట్లో దొరికే కాస్త తీరిక పెరటి వైపు గడిచేది. బావి గట్టు, అరటి చెట్లు, కరివేపాకు మొక్క, గోరింట పొద. మజ్జిగ తోడుకి వచ్చిన పక్కింటామె కూచునేది అక్కడే. ఒకళ్ళ పాదుకి కాసిన పొట్లకాయ ఇంకొకళ్ళ ఇంటికి వెళ్ళేది, విత్తనాలు కొంగున ముడేసుకుని వెళ్ళేవాళ్ళు. పాటలు కూడా అక్కడివే. వెల్చేరు నారాయణరావు తెలుగు ఆడవాళ్ళ రామాయణ పాటల మీద రాసిన ప్రసిద్ధమైన వ్యాసంలో ఈ లోకం కనిపిస్తుంది. ఆ పాటల్లో యుద్ధం తక్కువ. కౌసల్య వేవిళ్ళు, పురుళ్ళు, పెళ్ళి వేడుకలు, ఊర్మిళ నిద్ర ఎక్కువ.

వాటిలో ‘సీత గడియ’ పాట కథ చూడండి. ఇంటి పని తెమిలేసరికి సీతకి ఆలస్యమైంది. రాముడికి కోపం వచ్చి లోపల గడియ వేసుకున్నాడు. సీత బతిమాలినా తియ్యలేదు. సంగతి ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసింది, వాళ్ళ ద్వారా కౌసల్యకి చేరింది, ఆవిడ వచ్చి కొడుకుని మందలించింది. వాల్మీకిలో లేని ఈ గొడవ ఏ ఇంట్లోనైనా జరగగలిగిందే. పని ఎక్కువై ఆలస్యమైన మనిషిది తప్పా, గడియ వేసుకున్న మనిషిది తప్పా? పాట పాడేవాళ్ళూ వినేవాళ్ళూ ఎటువైపో వేరే చెప్పక్కర్లేదు. అత్తగారు కూడా కోడలి పక్షాన రావడం వాళ్ళందరి కోరిక. ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరింటి గుట్టూ బయటపెట్టకుండా, సీత పేరు మీద తమ సంగతి తామే మాట్లాడుకున్నారు.

అయితే ఈ పెరటి లోకాన్ని మరీ మురిపెంగా తలుచుకోవడంలో ఒక చిక్కుంది. దీనికి హద్దులుండేవి. అన్నిటికంటే గట్టి హద్దు పేరంటంలో కనిపిస్తుంది. శ్రావణ మంగళవారం నోముకైనా, అట్లతద్దికైనా పిలుపు ముత్తైదువలకీ కన్నెపిల్లలకీ. పసుపు, కుంకుమ, తాంబూలం, నానబెట్టిన సెనగలు పుచ్చుకుని, పాటలు పాడుకుని, ఒకళ్ళ కష్టసుఖాలు ఒకళ్ళు వినే చోటు అది. నిన్నటిదాకా ఆ చాప మీద కూచున్న మనిషి, భర్త పోయిన రోజు నుంచి ఎదురు రాకూడని మనిషి అయిపోయేది. ఎవరికైతే నలుగురి తోడు అందరికంటే ఎక్కువ అవసరమో సరిగ్గా వాళ్ళనే బయట నిలబెట్టిన స్నేహం అది.

ఆ హద్దు ఎంత గట్టిదో 1881 డిసెంబరులో రాజమండ్రి చూసింది. కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. వెలి అంటే ఏదో శాస్త్రచర్చ అనుకుంటాం గానీ, అది ముందుగా తగిలేది వంటింటికి. వంటవాళ్ళు రారు, నీళ్ళు మోసేవాళ్ళు రారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి, తనే వంట చేసి ఆ పెళ్ళి గట్టెక్కించిందని చెప్తారు. సంస్కరణ చరిత్రలో ఉపన్యాసాలకి దక్కిన చోటు ఆ బిందెలకి దక్కలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకి, 1883లో, వీరేశలింగం ఆడవాళ్ళ కోసం ‘సతీహితబోధిని’ అనే పత్రిక పెట్టారు. పేరులోనే దాని గొంతు తెలుస్తుంది. సతికి హితం బోధించేది. బోధించేవారు పైన, వినేవాళ్ళు కింద. ఆయన ఉద్దేశం మంచిదే, అవసరమైనదే. కానీ మీరు ఒకరికి మంచి చెప్పడం వేరు, మీ కష్టం కూడా చెప్పుకుంటూ మాట్లాడడం వేరు. పెరట్లో ఆడవాళ్ళకి అలవాటైనది ఆ రెండోది.

1902లో ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య ‘హిందూసుందరి’ మొదలుపెట్టారు. పెట్టింది మగవారే అయినా సంపాదకత్వం ఆడవాళ్ళ చేతుల్లోకి వచ్చింది. 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబ కాకినాడ నుంచి ‘సావిత్రి’ నడిపారు. 1917లో వింజమూరి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ తెచ్చారు. హిందూసుందరిలో రాసినవాళ్ళలో భండారు అచ్చమాంబ (1874–1905) ఒకరు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువు నేర్చుకుని, తెలుగునేలకి దూరంగా మధ్యపరగణాల్లో ఉంటూ తెలుగులో రాసిన మనిషి. ఆమె కథల్లో ఒకదాని పేరు ‘దంపతుల ప్రథమ కలహము’. సీత గడియ పాట వాసన ఇక్కడా తగులుతుంది కదూ. ఇంట్లో జరిగిన మొగుడూ పెళ్ళాల గొడవ అచ్చులో పెట్టి పదిమందీ ఆలోచించాల్సిన విషయమైంది.

అచ్చమాంబ రాతతో ఆగలేదు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఊళ్ళు తిరిగి అలాంటి సమాజాలు పెట్టించింది. పేరంటం పిలుపుకి అలవాటైన కాళ్ళని ఇంకో గుమ్మం వైపు నడిపించడం అన్నమాట. తన పిల్లలిద్దర్నీ పోగొట్టుకున్న ఆవిడ అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించింది. 1905లో ప్లేగు రోగులకి సేవ చేస్తూ ఆ జబ్బుతోనే పోయింది. అప్పటికి ముప్ఫై ఏళ్ళు.

పత్రికలో ఒక సౌకర్యం ఉంది. పేరంటానికి వెళ్ళాలంటే నుదుటి బొట్టు చూస్తారు. పత్రిక చదవడానికి ఎవరూ బొట్టు చూడరు. బాల వితంతువు కూడా తలుపు వేసుకుని చదువుకోవచ్చు, మారుపేరుతో ఉత్తరం రాయొచ్చు. ఆ చాప మీద చోటు పోయిన వాళ్ళకి ఈ కాగితం మీద చోటుంది. ముచ్చట అచ్చులోకి రావడం వల్ల జరిగిన అతి పెద్ద మేలు ఇదే.

ఇంకో సౌకర్యం తపాలా తెచ్చింది. 1879లో మన దేశంలో పావు అణా పోస్టుకార్డు వచ్చింది. పదేళ్ళకో పన్నెండేళ్ళకో పెళ్ళి చేసేసి, ఆడుకునే నేస్తాలని తలో ఊరికీ పంపించేసే రోజులవి. వరలక్ష్మమ్మకి కూడా 1909లో, పదమూడో ఏడు వచ్చేనాటికి పెళ్ళయిపోయింది. చదువు వచ్చిన ఆడపిల్లకి అత్తవారింట్లో చిన్ననాటి స్నేహితురాలు మిగలాలంటే ఉత్తరం ఒక్కటే దారి. ఇది గుర్తుంటేనే ‘శారద లేఖలు’ ఎందుకు అంతగా పట్టుకున్నాయో అర్థమవుతుంది.

1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి ‘గృహలక్ష్మి’ మాసపత్రిక పెట్టారు. ఆడవాళ్ళ కోసం ‘లోధ్ర’ అనే మందు అమ్మి గడించిన వైద్యుడాయన. మరుసటి ఏడు నుంచి ఆ పత్రికలో వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ మొదలుపెట్టి ఆరేళ్ళ పాటు రాశారు. శారద అనే ఆమె తన నేస్తం కల్పలతకి రాసే ఉత్తరాలవి. అందులో పండగలున్నాయి, నగలున్నాయి, ఖద్దరుంది, చదువుంది, ఆడవాళ్ళ హక్కులున్నాయి. సరిగ్గా అప్పుడే, 1929లో, బాల్యవివాహాల నిరోధక చట్టం వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది దాటందే పెళ్ళి చెయ్యకూడదు. ప్రతిపాదించిన హరబిలాస్ శారదా పేరు మీద తెలుగువాళ్ళు దాన్ని శారదా చట్టం అన్నారు. శారదే శారదా చట్టం గురించి చెప్తుంటే పాఠకులకి నవ్వొచ్చే ఉంటుంది.

ఆ చట్టం ఊళ్ళలో ఎంత కలకలం రేపిందో ఊహించుకోండి. శాస్త్రం ఒప్పదని ఒక పక్క, సర్కారుకి మన ఇళ్ళలో ఏం పనని ఇంకో పక్క. అలాంటి విషయాన్ని సభలో గొంతు పెంచి చెప్తే సగం మంది లేచిపోతారు. ‘ఏమే, మన చిన్నప్పుడు మనకేం జరిగిందో గుర్తుందా’ అన్నట్టుగా స్నేహితురాలు మాట్లాడితే లేచి వెళ్ళడం కష్టం. వాదనకి ఎదురువాదన ఉంటుంది గానీ, నేస్తం కష్టం చెప్పుకుంటే దానికి ఎదురువాదన ఏముంటుంది? వరలక్ష్మమ్మ పట్టుకున్న కీలకం అదే అనుకుంటాను. అంతదాకా చెట్టు నీడన నేర్చుకున్న మాటతీరుని ఆవిడ ఒక చట్టం దాకా తీసుకెళ్ళారు. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టి దాన్ని మళ్ళీ నలుగురు మనుషుల మధ్యకి తెచ్చారు. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం ఆవిడ చేతికి వచ్చింది.

ఇందులో తిరకాసు కూడా ఉంది. పేరులోనే ఉంది చూడండి, లేఖలు శారదవి. కల్పలత చదివే మనిషి. స్నేహితురాలి గొంతులో కూడా కొంచెం బోధ ఉండనే ఉంది. ఆ కల్పలత నోరు తెరవడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ మొదలైంది. సంస్కృత నాటకాల్లో ప్రమదవనమంటే అంతఃపుర స్త్రీల ఉద్యానవనం. మాలతి దాని తలుపులు తీసి పెట్టారు. ఉత్తరాలు పాఠకులవి, జవాబులు ఆవిడవి. దశాబ్దాల పాటు సాగిన ఆ శీర్షికలో వంటలూ అల్లికలూ అడిగినవాళ్ళున్నారు, మొగుడితో ఎలా వేగాలని అడిగినవాళ్ళున్నారు, ప్రపంచ సంగతులు అడిగినవాళ్ళున్నారు. వంటల పుస్తకం రాసిన చేత్తోనే నవలలు రాసి, ‘హృదయనేత్రి’కి 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం తీసుకున్న మనిషికి ఈ ప్రశ్నల్లో ఏదీ చిన్నదిగా కనిపించలేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగానే ఉంటుంది, కానీ సగమే. పెరడు ఉండాలంటే ఇల్లుండాలి, ఇల్లుండాలంటే జాగా ఉండాలి. మధ్యాహ్నం తీరిక దొరకాలంటే అంట్లు తోమే మనిషి ఇంకొకరుండాలి. ఆ చెట్టు కింద చిమ్మిన ఆమె ముచ్చట ఈ పత్రికల్లో అరుదు. ఆమె స్నేహాలు నాట్ల దగ్గర, కలుపుల దగ్గర, రేవు దగ్గర సాగాయి. అక్కడి పాటలూ వేరే, అక్కడి రామాయణమూ వేరే. చదువు రాని ఆమెకి పోస్టుకార్డూ లేదు.

ఆ ముచ్చట పుస్తకంలోకి వచ్చేసరికి 1986 అయింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళని కలిసి, మాట్లాడించి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. చిట్యాల ఐలమ్మ గొంతు అందులో ఉంది. తుపాకుల కథే వస్తుందనుకుని తెరిస్తే, దళంలో వంట, కాన్పులు, పిల్లల్ని ఎవరి దగ్గరో వదిలి వెళ్ళడం కూడా వస్తాయి. పోరాటం గురించి అంతకు ముందు రాసినవాళ్ళకి తట్టని సంగతులివి. ఇద్దరు ఆడవాళ్ళు కూచుని మాట్లాడుకుంటే గానీ అవి బయటికి రాలేదు. చరిత్ర రాయడానికి ముచ్చటే పద్ధతి అయిందన్నమాట.

ఇప్పుడు పెరళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. చెట్టు నీడ మిద్దె మీదికి ఎక్కింది. మిద్దెతోటల వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే మందార మొక్కకి పిండినల్లి పట్టిన ఫొటో వస్తుంది. వేపనూనె కొట్టమని ఒకరు, పుల్లమజ్జిగ చల్లమని ఇంకొకరు. విత్తనాలు కొరియర్లో వెళ్తాయి. మధ్యలో ఎప్పుడో ఒకామె, అమ్మ పోయాక మొక్కలకి నీళ్ళు పొయ్యబుద్ధి కావడం లేదని రాస్తుంది. కాసేపు ఎవరూ మొక్కల సంగతి ఎత్తరు. వాళ్ళలో చాలామంది ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. శారదా కల్పలతల్లాగే.

దీన్ని టైంపాస్ అని కొట్టిపారెయ్యడం తేలిక, కబుర్లని అన్నట్టే. కానీ పాత చాపకి వేసిన ప్రశ్నే ఈ గ్రూపుకీ వెయ్యొచ్చు. ఇందులో ఎవరున్నారు? విడాకులు తీసుకున్నామె, ఒంటరిగా ఉన్నామె తన సంగతి ఇక్కడ చెప్పుకోగలదా? రోజూ ఆ కుండీలకి నీళ్ళు పోసే పనమ్మాయి నెంబరు ఇందులో ఉందా? మొక్కల గురించి మనందరి కంటే ఆమెకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు.