సరమ అడిగిన ప్రశ్న

నన్నయగారు భారతకథను మొదలుపెట్టీపెట్టగానే మనకు వినిపించేది ఒక కుక్కపిల్ల ఏడుపు. జనమేజయ మహారాజు కురుక్షేత్రంలో దీర్ఘసత్రయాగం చేస్తున్నాడు. దేవశుని సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ ఆ చాయలకు వచ్చాడు. రాజుగారి తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు ఆ పిల్లను కొట్టి తరిమారు. వాడు హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి అటు చూడనైనా లేదు. ఏడుస్తూ వచ్చిన బిడ్డను చూసి సరమ నేరుగా రాజు దగ్గరికి వెళ్ళి, ఏ తప్పూ చెయ్యని నా కొడుకును ఎందుకు కొట్టారని అడిగింది. జవాబు చెప్పినవారు లేరు. కారణం తెలియని భయాలు నీకు కలుగుతాయని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

కొట్టింది తమ్ములు. శాపం తగిలింది జనమేజయుడికి. ఎందుకంటే యాగం చేయిస్తున్న యజమాని అతడు. యజ్ఞం చేసేవాడు యజమానుడు. ఆ మాటే కాలక్రమాన మన వాడుకలో సొంతదారు అన్న అర్థానికి వచ్చింది. పొలానికి యజమాని, ఇంటికి యజమాని, కుక్కకు యజమాని. ఈ ప్రయాణంలో మాటకున్న అసలు బరువు కొంత జారిపోయిందని నాకు అనిపిస్తుంది. సరమ దృష్టిలో యజమాని అంటే హక్కు ఉన్నవాడు కాదు, తన వాకిట జరిగినదానికి జవాబు చెప్పవలసినవాడు.

ఈ కథ ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, పదకొండేళ్ళ విరామం తరవాత మా ఇంట్లో మళ్ళీ కుక్కలు ఉన్నాయి. ఒకటి కాదు, రెండు. నేను కోరి తెచ్చుకున్నవి కావు. మునుపు మా ఇంట ఒక కుక్క పద్నాలుగేళ్ళు బతికి, ముసలితనంతో వరండాలో కన్నుమూసింది. చివరి ఏడాది దాన్ని ఎత్తుకునే బయటికి తీసుకువెళ్ళేవాళ్ళం. ఆ తరవాత ఇక ఈ ముచ్చట చాలునని గట్టిగా అనుకున్నాను. కిందటేడు మా వీధిలో ఈనిన కుక్క ఒకటి బండి కింద పడి చనిపోయింది. మిగిలిన రెండు పిల్లలు మా మెట్ల కిందికి చేరాయి. వారం రోజులు పెరుగన్నం పెట్టి ఎవరికైనా ఇద్దామనుకున్నాను. పేరు పెడితే ఉంచుకున్నట్టే అవుతుందని పేర్లు కూడా పెట్టనివ్వలేదు. నాలుగో వారంలో టీకాలకు తీసుకువెళితే, పశువైద్యుడు కార్డు తీసి, కలం పట్టుకుని, "యజమాని పేరు చెప్పండి" అన్నాడు. వెంటనే నోరు పెగల్లేదు. ఇంటికి వచ్చాక భారతం తీశాను.

పిలవకుండా వచ్చిన కుక్క భారతం చివర కూడా ఉంది. పాండవులు ద్రౌపదితో హస్తినను విడిచి వెళుతుంటే ఒక కుక్క వారి వెంట నడిచింది. అది ఎవరి పెంపుడుకుక్కా కాదు, దానికి పేరు లేదు. దారిలో ఒక్కొక్కరే పడిపోగా చివరికి ధర్మరాజూ కుక్కా మిగిలారు. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కలున్నవారికి స్వర్గంలో చోటు లేదు, దాన్ని వదిలి ఎక్కమన్నాడు. ధర్మరాజు ఎక్కనన్నాడు. శరణాగతుణ్ణి భయపెట్టడం, స్త్రీహత్య, బ్రాహ్మణుని సొమ్ము హరించడం, మిత్రద్రోహం - నమ్మి వెంట వచ్చినదాన్ని విడవడం ఈ నాలుగింటితో సమానమన్నాడు. ఆ కుక్క యమధర్మరాజే అని తేలడం తరవాతి మాట. అతడు నిర్ణయం తీసుకున్నప్పటికి అది ఉత్త కుక్క. మొదట్లో కుక్కను తరిమిన యాగశాల, చివర్లో కుక్క కోసం వదులుకోబోయిన స్వర్గం: మహాభారతం ఈ రెండు గడపల నడుమ ఉంది.

గడప అన్నమాట ఊరికే అనలేదు. మన పురాణాల్లో కుక్క ఎప్పుడూ గడప మీదే ఉంటుంది. ఋగ్వేదంలో యముడి దారి కాచే రెండు కుక్కలు సరమ కొడుకులే, వాటికి నాలుగేసి కళ్ళు. పారశీకుల అవెస్తాలోనూ నాలుగు కళ్ళ కుక్క ఉంది. మరణించినవారి దగ్గరికి కుక్కను తెచ్చి చూపించే 'సగ్‌దీద్' అనే ఆచారం వారిది. కళ్ళ మీద మచ్చలున్న కుక్కలనే నాలుగు కళ్ళవి అన్నారని పండితులు చెబుతారు. మన దగ్గర కాలభైరవుడికి కుక్క వాహనం, దత్తాత్రేయుడి పాదాల చెంత నాలుగు వేదాలూ నాలుగు కుక్కలు. అదే నోటితో ఎవరినైనా తిట్టాలంటే కుక్క బతుకంటాం, కుక్క చావంటాం. గ్రామసింహమని ముద్దుపేరు పెట్టిందీ మనమే.

కుక్క చావు అంటే గుర్తొచ్చింది. ఇప్పటి కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటి కన్నడ శాసనం ఒకటి దొరికింది. తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట మూడవ కృష్ణుడికి గంగరాజు బూతుగుడు తోడ్పడి చోళ రాజాదిత్యుణ్ణి చంపాడు. ఆ బూతుగుడి కొలువులోని వీరుడు మణలేరుడు. ఏం కావాలో కోరుకోమంటే అతడు ఊళ్ళు అడగలేదు, 'కాళి' అనే వేటకుక్కను అడిగాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో పోరాడి దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. మణలేరుడు ఆతకూరులో శివాలయం ముందు రాయి నిలిపి, భూమి దానం చేసి, ఆ రాతికి పూజ చెయ్యకుండా పూజారి అన్నం తినకూడదని కట్టడి చేశాడు. కుక్కా పందీ తలపడుతున్న శిల్పంతో ఆ రాయి బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. చోళదేశపు చరిత్రను మలుపు తిప్పిన యుద్ధమూ, ఒక కుక్క పేరూ ఒకే రాతి మీద ఉన్నాయి. మన తెలుగునేల మీద ఇలా కుక్కకు నిలిపిన వీరగల్లును మీలో ఎవరైనా చూసి ఉంటే తప్పక చెప్పండి.

కాళి వేటకు పనికివచ్చింది కనుక ఆ గౌరవం అనవచ్చు. జర్మనీలో బాన్ నగరం దగ్గర 1914లో బయటపడిన సుమారు 14,000 ఏళ్ళ నాటి సమాధిలో ఇద్దరు మనుషులతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలున్నాయి. దాని పళ్ళను పరీక్షించినవారు, అది డిస్టెంపర్ వంటి జబ్బుతో వారాల తరబడి తీసుకుందనీ, మనుషులు సేవ చెయ్యకపోతే అన్నాళ్ళు బతికేది కాదనీ 2018లో తేల్చారు. ఏడు నెలల రోగిష్టి పిల్ల వేటకూ కావలికీ పనికిరాదు. అయినా ఎవరో కూర్చుని నీళ్ళు పట్టారు.

'యజమాని లేని కుక్క' అనే విభాగం ఇంగ్లీషువారి నగరపాలనతో గట్టిపడింది. అంతకుముందు కుక్కలు ఎక్కువగా ఊరివి. ఒకరివి కావు, అందరివీ. బొంబాయిలో పోలీసులు వీధికుక్కలను చంపి తలకింత అని డబ్బు పుచ్చుకునేవారు. 1832 జూన్‌లో పార్సీలు దుకాణాలు కట్టేసి తిరగబడ్డారు. మద్రాసు కార్పొరేషన్ 1860లో కుక్కలను చంపడం మొదలుపెట్టింది. బ్లూక్రాస్ వారి లెక్క ప్రకారం 1996 నాటికి ఆ సంఖ్య రోజుకు 135కు చేరింది. అంత చంపినా కుక్కలు తగ్గలేదు, రేబిస్ తగ్గలేదు. ఆ అనుభవం నుంచే కుటుంబనియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదిలే పద్ధతి వచ్చింది. 2001లో అది కేంద్రప్రభుత్వ నిబంధన అయింది, 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి.

ఆ భయాన్ని తక్కువ చెయ్యడం న్యాయం కాదు. కసౌలిలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన టీకాయే మన బాల్యంలోని 'బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు'. దాని తయారీ మన దేశంలో ఆగింది 2004లో. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి వీధికుక్కలు చంపాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న ఆ ఉత్తర్వును సవరించి, రేబిస్ ఉన్నవీ కరిచేవీ తప్ప మిగిలినవాటిని ఆపరేషనూ టీకా అయ్యాక తిరిగి వదలమంది.

ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు? - ఈ ప్రశ్నను మొదట అడిగింది ఒక కుక్క తల్లి. అంబర్‌పేటలో అది మనిషి తల్లి ప్రశ్న అయింది. రెండుసార్లూ ప్రశ్న ఒక్కటే, న్యాయమూ ఒక్కటే. తేడా ఏమంటే, సరమకు వెళ్ళి నిలదీయడానికి ఒక యజమాని దొరికాడు. మన వీధులలో ఆ గడి ఖాళీగా ఉంది. కుక్కలను ప్రేమించమని నేనెవరికీ చెప్పను. నాకే ఇంకా పూర్తిగా చేతకాలేదు. ఆ గడులలో ఒకదానిలో మాత్రం, కొంచెం ఆలస్యంగానైనా, నా పేరు చెప్పాను. నల్లపిల్ల పేరు కాటుక. రెండోదాని పేరు సజ్జ.