మల్లెపూదండ కట్టినాయన

రెండు చేతులా కాఫీ గ్లాసులు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్నాడో కుర్రాడు. ఊరు తిరుపతి. తండ్రి మందలించాడన్న పౌరుషంతో జంధ్యం తెంపేసి ఇల్లు వదిలినవాడు. కొన్నాళ్లు హోటల్లో సర్వరు, కొన్నాళ్లు రైల్వే స్టేషన్లో మూటలు మోసే కూలీ. 1914లో పుట్టిన శంకరంబాడి సుందరాచారి బతుకు అలా మొదలైంది.

తర్వాత ఆంధ్రపత్రికలో పని అడగబోయాడు. తెలుగు వచ్చా అని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అడిగితే, మీకు రాదా అని ఎదురడిగాడట. ఆ తెగువకే ప్రూఫులు దిద్దే కొలువు దక్కిందని చెప్పుకుంటారు.

1942. చిత్తూరును ఇంటిపేరు చేసుకున్న నాగయ్య సినిమా ‘దీనబంధు’. దానికోసం సుందరాచారి ఓ పాట రాసిచ్చారు. కథకు అతకదని పక్కన పెట్టేశారు. సినిమాకు అక్కర్లేని ఆ పాటను టంగుటూరి సూర్యకుమారి గొంతుతో హెచ్.ఎం.వి. రికార్డు చేసింది. కవికి ముట్టింది 116 రూపాయలంటారు.

ఆ పాటే ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు. అది రావడానికి ఇంకా 11 ఏళ్లుంది. తిరుపతి మద్రాసు ప్రెసిడెన్సీలో, తెలుగు నేలకు ఓ అంచున ఉంది. ఆ అంచున పుట్టిన మనిషి గోదావరిని, కృష్ణను, అమరావతి శిల్పాన్ని, రుద్రమ్మను, తిక్కనను ఒకే దండలో గుచ్చారు. చిత్రమేమిటంటే, అందులో ఏడుకొండలు లేవు. స్వర్ణముఖి లేదు. అందరి ఊళ్లనూ తలుచుకున్నాయన సొంత ఊరిని మరిచారు.

లోకం ఆయన్ను మరిచింది. సుందర రామాయణం, సుందర భారతం, బుద్ధగీతి రాశారు. రవీంద్రుడి గీతాంజలిని తెలుగు చేశారు. తేటగీతి అంటే ఆయనకు ప్రాణం. ఇవన్నీ అటకెక్కాయి, పాటొక్కటే వీధిలోకొచ్చింది. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ఏడాదే అది రాష్ట్రగీతమైంది. రెండేళ్లకే, 1977 ఏప్రిల్ 8న, ఆయన కన్నుమూశారు.

తిరుపతిలో ఆయన విగ్రహం ఉంది. దాని ముందు నుంచే వెళ్తూ ఎవరిదని అడిగేవాళ్లూ ఆ పాటను చూడకుండా పాడగలరు.

బడిలో ఆ పాట పాడించే అయ్యవార్లకు ఒక్క మనవి. పిల్లలు గొంతెత్తే ముందు రాసినాయన పేరూ ఊరూ చెప్పండి. పాటలో ఆ రెండూ లేవు.