గ్రౌండ్ తీగ: టెలిగ్రాఫ్ నుంచి మరమగ్గం దాకా

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు వినబడటం వింతేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన నేత కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. అక్కడి మరమగ్గాన్ని ఒకదాన్ని ఊహించుకోండి. పడుగు పోగు తెగగానే దాని మీద వేలాడే లోహపు బిళ్ళ జారి కింది పట్టీకి తగులుతుంది. వలయం పూర్తై మగ్గం ఆగుతుంది. మీటర్ల లెక్కన కూలి తీసుకునే మనిషికి మగ్గం ఊరికే ఆగినా నష్టమే, పోగు తెగినా ఆగకపోతే మరీ నష్టం.

ఈ సంకేతాన్ని పక్కనున్న ఎలక్ట్రానిక్ పెట్టెకు పంపాలి. రెండింటికీ వేర్వేరు విద్యుత్ సరఫరాలున్నాయి. సంకేతపు తీగ ఒక్కటే కలిపితే పెట్టె తికమకపడుతుంది. ఎందుకు?

రైల్వే స్టేషన్ బోర్డు మీద ఎత్తు రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. కాజీపేట అయినా సూరత్ అయినా లెక్క సముద్ర మట్టం నుంచే. అందుకే ఆ రెండు అంకెలను పోల్చగలం. వోల్టేజీ కూడా అంతే. "5 వోల్టులు" అంటే దేనితో పోలిస్తే అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పైగా వెళ్ళిన విద్యుత్తుకు తిరిగి వచ్చే దారి కావాలి. ఈ రెండు పనులూ చేసేది ఉమ్మడి గ్రౌండ్ తీగ.

దానికి నేల పేరెందుకు వచ్చింది? 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ రైలు పట్టాలనే టెలిగ్రాఫ్ తీగలుగా వాడబోయాడు. విద్యుత్తు నేలలోకి జారిపోయింది. ఆ వైఫల్యమే ఆయనకు దారి చూపింది: తిరుగు తీగ పనిని భూమే చేయగలదు! తీగ ఖర్చు సగమైంది. మరుసటి ఏడాదే కలకత్తాలో ఓషానెస్సీ 21 మైళ్ళ ప్రయోగాత్మక వలయం వేశాడు. అందులో 7,000 అడుగుల మేర హుగ్లీ నది నీరే తీగ.

తర్వాత కరెంటు ట్రాములు వచ్చాయి. వాటి విద్యుత్తు నేలలో పారి, ఒంటి తీగ టెలిఫోన్లలో రొద పుట్టించింది. టెలిఫోన్‌కు రెండో తీగ మళ్ళీ తప్పలేదు.

మగ్గం దగ్గరా ఆ చిక్కే. మోటారు విద్యుత్తు సంకేతపు గ్రౌండ్ తీగలోంచే పోతే, 0.1 ఓమ్ నిరోధంలో 2 ఆంపియర్లకే 0.2 వోల్టుల తేడా వస్తుంది. అందుకే మోటారు తిరుగు తీగను వేరుగా లాగుతారు. లేదా సంకేతాన్ని కాంతి రూపంలో దాటిస్తారు. అప్పుడు ఉమ్మడి గ్రౌండ్‌తో పనే లేదు.

అయితే, రొద తగ్గుతుందని మగ్గం చట్రానికున్న ఎర్త్ తీగను మాత్రం ఎన్నడూ విప్పకండి. అది సంకేతం కోసం కాదు, చట్రంలోకి కరెంటు దిగిన రోజున దాని మీద చేయి వేసే మనిషి కోసం.