దున్నని చెంచులకు పట్టా సరిపోతుందా? అసలు ‘ఆవాస హక్కు’ అంటే ఏంటి?

నల్లమలలో పులులుండాలంటే చెంచులు ఖాళీ చేయాల్సిందేనా? అమ్రాబాద్ టైగర్ రిజర్వు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. ఇందులోనే చెంచు పెంటలున్నాయి. పెంట అంటే నాలుగు గుడిసెల చిన్న ఊరు.

తేనె, గడ్డలు, జిగురు, వేట.. చెంచుల బతుకు ఇదే. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో వీళ్ల మధ్య ఉండి అధ్యయనం చేశారు. 1943లో పుస్తకం తెచ్చారు. ఆ రోజుల్లోనే నిజాం సర్కారు అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల కోసం ప్రత్యేక రిజర్వు పెట్టింది. 1983లో అదే అడవి ప్రాజెక్ట్ టైగర్ కిందకు వెళ్లింది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అంతా పోడు పట్టాల గురించే మాట్లాడారు. కానీ నాగలి పట్టనివాళ్లకు ఆ కాగితం ఒక్కటే ఏం సరిపోతుంది? తేనె తీసే కొండ, నీటి చెలమ, సలేశ్వరం లింగమయ్యకు పోయే దారి.. ఇవేవీ పట్టాలోకి రావు కదా. అందుకే చట్టంలోని సెక్షన్ 3 ఆదిమ తెగలకు ‘ఆవాస హక్కు’ కూడా ఇచ్చింది. అంటే తరతరాలుగా తిరిగిన ప్రాంతం మొత్తం మీద సామూహిక హక్కు. మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లాలో బైగాలు దీన్ని సాధించుకున్నారు కూడా.

2019లో ఇక్కడ యురేనియం సర్వే అన్నప్పుడు జనం తిరగబడ్డారు. తవ్వకాలు వద్దని అసెంబ్లీ తీర్మానం చేసింది. పులుల విషయంలోనూ రూల్ ఉంది. ముందు హక్కులు తేల్చాలి, తర్వాత గ్రామసభ ఒప్పుకోవాలి. అప్పటిదాకా ఏ పెంటనూ కదిలించడానికి వీల్లేదు.