అరువు ముఖాలు: హాలీవుడ్ తెరమీద ఆసియా మనిషి

నాటకమైనా సినిమా అయినా వేషమే గదా, ఎవరి వేషం ఎవరు కడితే నేమి అని అడిగేవారున్నారు. వేషం కట్టటం కళ. అందులో తప్పు లేదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే ఆంధ్రదేశం పరవశించింది. అయితే ఆ పరవశం వెనుక, కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కరాదన్న కట్టుబాటు కూడా ఉన్నది. కనుక వేషం ఎంత బాగా కట్టారన్న ప్రశ్నతో విమర్శకుని పని తీరదు. ఆ వేషం వేయదగిన మనిషిని వాకిటనే ఆపివేసినదెవరు, ఎందుకు అన్న ప్రశ్న కూడా వేయాలి. హాలీవుడ్ చరిత్రను నేనీ దృష్టితోనే పరిశీలిస్తున్నాను.

అమెరికా పడమటి రైలు మార్గాన్ని పర్వతాలు తొలిచి వేసినవారిలో వేలకొలది చైనా కూలీలున్నారు. 1869లో ఆ మార్గం పూర్తయింది. 1882లో చైనా శ్రామికుల రాకను నిషేధిస్తూ చట్టం వచ్చింది. చెమట కావలసినంతకాలం ఉంచుకొని, చెమట చాలగానే తలుపు మూసిన చట్టమది. తెల్లవారికీ, ఆనాటి శాసనభాషలో ‘మంగోలియన్’ జాతివారికీ మధ్య వివాహాన్ని నిషేధించిన కాలిఫోర్నియా చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1948లో గాని కొట్టివేయలేదు. సినిమా పరిశ్రమ పుట్టి పెరిగినది ఈ చట్టాల నీడలోనే.

1905లో లాస్ ఏంజెలెస్‌లో, బట్టలు ఉతికి బ్రతికే ఒక చైనా కుటుంబంలో ఆనా మే వాంగ్ జన్మించింది. 1922లో, పదిహేడేండ్ల ప్రాయంలో, ‘ది టోల్ ఆఫ్ ది సీ’ చిత్రంలో కథానాయిక పాత్ర ధరించింది. ఆ కథలో చైనా యువతి తెల్లవాణ్ణి ప్రేమిస్తుంది, అతడు విడిచిపోతాడు, ఆమె బిడ్డను అప్పగించి సముద్రంలో కలుస్తుంది. చట్టం ఒప్పుకోని సంబంధానికి కథ మరణశిక్ష విధించిందన్నమాట. ఆ తర్వాత ఆమెకు దొరికిన పాత్రలు చాలావరకు ఇటువంటివే: దాసి, వంచకి, లేదా చివరి రీలులో చావవలసిన ప్రియురాలు. విసిగి 1928లో ఆమె యూరపుకు వెళ్లిపోయింది.

ఇది ఒక నటి మనోవ్యధ మాత్రమే కాదు. కూలి ప్రశ్న కూడా. 1931లో వచ్చిన ‘డాటర్ ఆఫ్ ది డ్రాగన్’లో నాయిక అయిన వాంగ్‌కు ముట్టినది 6,000 డాలర్లు. అందులో కొద్దిసేపు మాత్రమే కనిపించి, చైనావాని వేషం కట్టిన వార్నర్ ఓలాండ్‌కు 12,000 డాలర్లు. ఓలాండ్ స్వీడన్‌లో పుట్టినవాడు. అరువు ముఖానికి అసలు ముఖం కంటె రెట్టింపు కూలి!

1937 నాటి ‘ది గుడ్ ఎర్త్’ ఇంకా స్పష్టమైన నిదర్శనం. పెర్ల్ బక్ నవల చైనా రైతుల కరవునూ, మన్నుమీది మమకారాన్నీ చెప్పిన నవల. చిత్రంలో రైతు పాత్ర పాల్ మ్యూనీకి ఇచ్చారు. ఆనాటి సినిమా నియమావళి నలుపు, తెలుపు జాతుల మధ్య సంబంధాన్ని చూపరాదన్నది. ఆచరణలో స్టూడియోలు దానిని ఆసియావారికీ వర్తింపజేశాయి. భర్త తెల్లవాడైనప్పుడు, వేషంలో చైనావాడే అయినా, భార్యా తెల్లదే కావాలి. జర్మనీలో పుట్టిన లూయీస్ రైనర్ ఆ పాత్ర ధరించి ఆస్కార్ పొందింది. వాంగ్‌కు చూపినది కాపురం కూల్చే రెండవ భార్య పాత్ర. ఆమె నిరాకరించింది. ఆ పాత్ర కూడా ఆస్ట్రియా నర్తకి టిల్లీ లాష్‌కే పోయింది.

ఆ రోజులలోనే బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఓబెరాన్ తాను టాస్మేనియాలో పుట్టినట్లు చెప్పుకొని హాలీవుడ్ తార అయింది. తెల్లవారు ఆసియా ముఖం తగిలించుకొని బహుమతులు పొందుతున్న కాలంలో, ఆసియా స్త్రీ తన పుట్టుకను దాచుకొని బ్రతకవలసి వచ్చింది.

యుద్ధం రాగానే తెరమీది మనుషుల గుణాలు మారాయి. 1942లో జపాన్ సంతతివారిని సుమారు 1,20,000 మందిని నిర్బంధ శిబిరాలకు తోలారు. వారిలో అధికులు అమెరికా పౌరులే. సినిమాలో జపాన్ దుర్మార్గులు కావాలి గనుక చైనా సంతతి రిచర్డ్ లూ, కొరియా సంతతి ఫిలిప్ ఆన్ వంటివారి చేత ఆ పాత్రలు వేయించారు. చైనా మిత్రదేశమైనందున 1943లో నిషేధ చట్టం రద్దయింది; అయినా ఏడాదికి 105 మందికే ప్రవేశం. కాబట్టి తెరమీది ఆసియావాడి మంచిచెడ్డలను నిర్ణయించినది ఆసియావాడు కాదు, అమెరికా విదేశాంగ అవసరం.

యుద్ధం ముగిసినా తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. షాంఘైలో పుట్టిన మోడల్ చైనా మచాడో ఛాయాచిత్రాలు 1959లో ‘హార్పర్స్ బజార్’లో అచ్చయ్యాయి. ఛాయాగ్రాహకుడు రిచర్డ్ అవెడాన్ పట్టుపట్టినందువల్లనే అచ్చయ్యాయని ఆమె తరువాత చెప్పింది. 1961లో మికీ రూనీ ఎత్తుపళ్లు తగిలించుకొని జపాన్‌వాడైతే, 1968లో పీటర్ సెల్లర్స్ రంగు పూసుకొని భారతీయుడయ్యాడు. ఈ రెంటికీ నడుమ 1965లో లాస్ ఏంజెలెస్‌లో ఆసియా సంతతి నటులు ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’ అనే సొంత నాటకసమాజం స్థాపించుకున్నారు. దయకోసం కాచుకోక, తమ వేదికను తామే కట్టుకున్నారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచే ఘట్టమిది.

ముఖాల లెక్క బూర్జువా లెక్క అనీ, వర్గసమస్య తీరితే ఇదీ తీరుతుందనీ కొందరు మిత్రులు అంటారు. పై కూలి లెక్కే వారికి సమాధానం. అయితే వారి మాటలో ఒక పాలు సత్యం లేకపోలేదు. 2018లో ‘క్రేజీ రిచ్ ఏషియన్స్’ వచ్చి ఆసియా నటీనటులతో తెర నింపింది. నింపినది సింగపూర్ కోటీశ్వరుల మేడలతో. ముఖం మారినంత మాత్రాన దృష్టి మారదు. 2022 నాటి ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’లో మిషెల్ యో లాండ్రీ నడుపుకుంటూ పన్నుల అధికారులకు జవాబు చెప్పుకునే స్త్రీ. ఆ పాత్రకు 2023లో ఆమెకు ఆస్కార్ వచ్చింది. వాంగ్ తండ్రి చేసిన వృత్తి కథానాయిక వృత్తి కావటానికి ఇంతకాలం పట్టింది.

ఇక మన సంగతి. 2013లో తెలుగు తలిదండ్రుల బిడ్డ నీనా దావులూరి మిస్ అమెరికాగా ఎన్నికైతే, అక్కడి జాత్యహంకారులు ఆమెను టెర్రరిస్టు అని తిట్టారు. మనవారు సహజంగానే మండిపడ్డారు. కాని అదే సమయంలో, ఆ చామనఛాయతో ఈ దేశపు పోటీలో ఆమె నెగ్గేదా అన్న ప్రశ్న మన పత్రికలలోనే వచ్చింది. నిజమైన ప్రశ్న అది. 1975లో బజారుకెక్కిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో పేరు మార్చుకున్నది, కోరిక మారిందా? మన పొలాలలో నాట్లు వేసే స్త్రీ రంగు మన సినిమా నాయికలో ఎన్నిమార్లు చూశాం? పల్లెపిల్ల పాత్రకు తెల్లని తారను తెచ్చి ముఖాన మసి పూయటం ‘ది గుడ్ ఎర్త్’ పద్ధతి కాదా?

హాలీవుడ్‌ను నిందించటం మనకు సులభం. మన తెర వాకిట నిలబడి ఉన్నవారెవరో, వారిని ఆపుతున్న చేయి ఎవరిదో చూడటం కష్టం. విద్యార్థులూ ఉపాధ్యాయులూ విమర్శకు పూనుకోవలసినది ఈ రెండవ పనికే.